పాకలోకి వచ్చిన అక్క

ఈ వేసవిలో నలభై రోజులపాటు మా తమ్ముడు ఫణికి నేనంటే ప్రాణం. పొద్దున్నే ఫోన్ చేసి తిన్నావా అని అడిగేవాడు. ఆదివారం వస్తే వంజరం చేప ముక్కలు కొయ్యించుకుని మా ఇంటికి వచ్చేవాడు. కూర ఉడికేదాకా వంటింటి గుమ్మంలోనే కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ముప్పై ఏడేళ్ళ మనిషి, నోట్లో నాలుక లేనివాడని పేరుపడ్డవాడు, ఆగకుండా మాట్లాడేవాడు. ఆ ప్రేమ నాకు న్యాయంగా రావలసింది కాదు. ఒక యంత్రాన్ని అడ్డం పెట్టుకుని దొంగిలించాను. ఎలా దొంగిలించానో, ఎలా తిరిగి ఇచ్చేశానో చెబుతాను.

నా పేరు వకుళ. విశాఖపట్నంలో ఒక మనోవైద్య పరిశోధనశాలలో పరికరాల ఇంజనీరుని. మేం తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద చాంతాడంత పేరుంది. మేం మాత్రం కిటికీ అంటాం. పాత జ్ఞాపకం ఏదైనా మనిషిలో పూర్తిగా మేలుకున్నప్పుడు కాసేపు మెత్తబడుతుంది. ఊరికే వదిలేస్తే క్షణాల్లో మళ్ళీ గట్టిపడిపోతుంది. కిటికీ దాన్ని తొమ్మిది నిమిషాలు మెత్తగానే ఉంచుతుంది. ఆ తొమ్మిది నిమిషాల్లో చెవిన పడ్డ మాట ఆ జ్ఞాపకంలో కలిసిపోతుంది, పిండిలో ఉప్పు కలిసినట్టు. తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. పెంపకంలో దెబ్బతిన్నవాళ్ళ కోసం దీన్ని కనిపెట్టాం. వాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి నాకు ఈ పని మీద పిచ్చి ఉండేది.

ఫిబ్రవరిలో ఫణి భార్య స్వర్ణ మా ఇంటికి వచ్చింది. కూతురు తరళను వెంట తేలేదు. కుర్చీ అంచు మీద కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంది.

"మీ తమ్ముడు పిల్లతో మాట్లాడ్డం మానీసినారు వదినా," అంది చివరికి.

"ఏం, అల్లరి చేసిందా?"

"ఆరేళ్ళ పిల్ల. పాలు ఒలకబోసీసి, నాను కాదు, పిల్లి అంది. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగున్ను. రెండు రోజులు దాని మొహం చూడలేదు. అది నాన్నా నాన్నా అని లుంగీ పట్టుకుని తిరుగుతుంటే, అక్కడేటీ లేనట్టు పక్కనుంచి ఎళ్ళిపోయినారు. మూడో రోజు బాత్రూంలో వాంతి చేసుకుని, నన్ను ఏదో ఒకటి చెయ్యండే అని ఏడిసినారు. మీ కాడ ఏదో మిషనుందంటారు కదా."

ఫణి ఆ పని ఎక్కడ నేర్చుకున్నాడో స్వర్ణకు తెలియదు. నాకు తెలుసు.

నర్సీపట్నం అవతల జీడితోటల మధ్య మౌననిలయం అని ఒక చోటుంది. నాకు ఆరేళ్ళు, ఫణికి రెండేళ్ళు ఉన్నప్పుడు నాన్న లారీ ప్రమాదంలో పోతే, అమ్మ మమ్మల్నిద్దర్నీ పట్టుకుని అక్కడికి చేరింది. వాళ్ళు మాకు అన్నం పెట్టారు, నీడ ఇచ్చారు, చదువు చెప్పారు. అదీ నిజమే, దాచను. దేవుడు మౌనంలోనే వినిపిస్తాడని అక్కడి పెద్దయ్యగారి బోధ. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం మహాపాపం. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేవారు.

తప్పు చేసిన పిల్లల చేతికి తెల్లదారం కట్టేవారు. దారం ఉన్నంతకాలం ఆ బిడ్డతో ఎవరూ మాట్లాడరు, బిడ్డ వైపు చూడరు. వేళకి పళ్ళెం పెట్టి వెళ్ళిపోతారు. పడుకోవడానికి పశువుల పాక. సభలో నిలబడి తప్పు ఒప్పుకుంటేనే దారం తెంపుతారు. అప్పటిదాకా నీ మాట దేవుడు కూడా వినడని చెప్పేవారు. చాలామంది పిల్లలు పూట గడవకముందే ఒప్పుకునేవారు.

ఫణికి ఏడేళ్ళప్పుడు దారం కట్టారు. పొద్దుటి ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుని కూర్చున్నాం. ఎక్కణ్ణించి వచ్చిందో ఒక కోడిపెట్ట, పెద్దయ్యగారి ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. వెనక ఆడపిల్లల వరసలోంచి ఎవరో పకపకా నవ్వారు. ముందు వరసలో ఉన్న ఫణి ఆ నవ్వు విని వెనక్కి తిరిగాడు. పెద్దవాళ్ళు కళ్ళు తెరిచేసరికి తిరిగి ఉన్నవాడు వాడొక్కడే. తను నవ్వలేదని వాడు చెప్పాడు. తొమ్మిది రోజులు అదే మాట చెప్పాడు.

నవ్వింది నేను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ తొమ్మిది రోజుల్లో రోజూ రెండుసార్లు ఆ పాక ముందునుంచి పాలచెంబు పట్టుకుని నడిచాను. వాడు గుమ్మంలో నిలబడి అక్కా అనేవాడు. నేను చెంబులోకి చూసుకుంటూ వెళ్ళిపోయేదాన్ని.

నేను పద్దెనిమిదో ఏట చదువు పేరు చెప్పి బయటపడ్డాను. వాడు ఇరవై మూడేళ్ళకి వచ్చేశాడు. అమ్మ రాలేదు. ఫణి పోర్టులో క్రేను నడుపుతాడు. క్యాబిన్‌లో రేడియో, ఇంట్లో టీవీ, పడకగదిలో ఫోన్‌లో పాటలు, ఏదో ఒకటి మోగుతూ ఉండాల్సిందే. ఆ నవ్వెవరిదో వాడు నన్నెప్పుడూ అడగలేదు. వరసలో పాతికమంది ఆడపిల్లలు ఉన్నారు మరి.

మా పద్ధతిని రాసింది డాక్టర్ జహనారా. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, నియమం గట్టి. ఏడు విడతల పద్ధతి అది. కిటికీ తెరిచేది ఐదో విడతలోనే. నన్ను గదిలోకి పిలిచి, "మీ తమ్ముడి విషయంలో మీరు యంత్రం దగ్గర ఉండకూడదు," అన్నారు.

"దాని నాడి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు మేడమ్," అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే వాణ్ణి ఇంకొకరి చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "తల కదపొద్దు, కాలు చాపండి, ఇంతవరకే మీ మైకు. జ్ఞాపకం లోపల వినపడేది నా గొంతే. నేను కూడా అక్కడ నిజం తప్ప ఒక్క ముక్క చెప్పను. జరగనిది జరిగినట్టు చెబితే అది వైద్యం కాదు."

"నాకు తెలుసు మేడమ్. ఆ నిబంధన మీరు రాసేటప్పుడు పక్కన కూర్చుంది నేనే."

మొదటి విడతలో యంత్రం ముట్టుకోం. మనిషి తన మాటల్లో అంతా చెప్పాలి. దాన్ని రికార్డు చేసి అతనికే ఇస్తాం. రేపు జ్ఞాపకం మారినా, మారకముందు తనేం చెప్పాడో తన దగ్గర ఉండాలని డాక్టరుగారి పట్టుదల. ఫణి గోడవైపు చూస్తూ, ఎవరిదో కథలా చెప్పాడు. గది మధ్యనున్న అద్దం ఇవతల నుంచి నేను విన్నాను.

"తొమ్మిదో రోజు ఒప్పీసుకున్నానండి. నేనే నవ్వానని చెప్పాను. అందరూ వచ్చి కావిలించుకున్నారు. మా అమ్మ పాయసం చేసింది. నిజం చెప్పినన్నాళ్ళూ దేవుడు వినలేదు. అబద్ధం చెప్పగానే పాయసం పెట్టారు. అప్పట్నించీ ప్రార్థన అంటే నాకు నోరు పెగల్దు. గుడికెళ్ళినా అంతే, చర్చి ముందునుంచి ఎళ్ళినా అంతే. ఎవరో నన్ను చూడకుండా కూర్చున్నట్టుంటాది."

"ఆ తొమ్మిది రోజుల్లో ఎవరైనా మీ దగ్గరికి వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"మీ అక్క?"

"అక్క కూడా రాలేదు." కాస్త ఆగి, "దాన్నీ భయపెట్టే ఉంటారు. చిన్నపిల్ల కదా," అన్నాడు.

నేను ఆ పూట సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

తర్వాత మూడు విడతలూ వారానికొకటి జరిగాయి. ఒంట్లో ఆ భయం ఎక్కడ ఉందో వెతికారు. గొంతుకీ పొట్టకీ మధ్య ఉందని తేలింది. ఎవరేం చేశారో సాకులు చెప్పకుండా పేర్లతో చెప్పించారు. అమ్మ పేరు చెప్పడానికి వాడికి నలభై నిమిషాలు పట్టింది. నా పేరు అడిగితే తల అడ్డంగా ఊపాడు. నాలుగో విడతలో, ఆ పిల్లాడికి అప్పుడు ఏం కావాలి అని అడిగారు డాక్టరుగారు. అన్నం, దుప్పటి, అమ్మ, ఇలా ఏదో చెబుతాడనుకున్నాను. "ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడితే చాలండి. తిట్టినా ఫర్లేదు," అన్నాడు.

మార్చి మూడో వారంలో కిటికీ తెరిచాం. ఫణి పడక కుర్చీలో వాలి ఉన్నాడు. తలకి టోపీ, చెవులకి హెడ్‌ఫోన్లు. అద్దం ఇవతల నేనూ డాక్టరుగారూ. పేడ వాసన, ఆవుల నెమరు చప్పుడు, మెడలో గంట ఒక్కొక్కటే చెప్పుకుంటూ వాడు పాకలోకి వెళ్ళాడు. జ్ఞాపకం మేలుకుందని చూపుతూ తెర మీద గీత పైకి లేచింది. మీట నొక్కాను.

"ఇది జరిగి ముప్పై ఏళ్ళయింది," అన్నారు డాక్టరుగారు. తర్వాత ఇరవై సెకన్లు ఆగాలి. చెప్పిన మాట లోపల ఇంకడానికి అంత వ్యవధి కావాలని మా లెక్క. "మీరు అక్కణ్ణించి బయటికి వచ్చేశారు." మళ్ళీ ఇరవై సెకన్లు. "తప్పు ఆ పిల్లాడిది కాదు." మళ్ళీ.

ఆ ఇరవై సెకన్ల లెక్క పన్నెండుమంది మీద పరీక్షించి తేల్చాం. అందరికీ సరిపోయింది. వాళ్ళలో మౌననిలయంలో పెరిగినవాళ్ళు లేరు. పాకలో ఉన్న పిల్లాడితో ఒక మాట మాట్లాడి, వెంటనే నోరు మూసుకుంటే ఆ పిల్లాడికి ఏమనిపిస్తుందో మాకెవరికీ తట్టలేదు. నాకు తట్టి ఉండాల్సింది.

మూడో విరామంలో ఫణి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏడేళ్ళ గొంతుతో, "మాట్లాడండి. ఎవరైనా మాట్లాడండి," అన్నాడు. డాక్టరుగారు గడియారం వైపు చూస్తున్నారు. ఇంకా ఎనిమిది సెకన్లుంది. ఆవిడకి ఎనిమిది సెకన్లంటే ఎనిమిది సెకన్లే.

"అక్కా," అన్నాడు వాడు.

నా చెయ్యి మైకు మీద పడింది. "ఫణీ, వచ్చానురా. పాక గుమ్మంలోనే ఉన్నాను. నువ్వు నవ్వలేదని నాకు తెలుసు. నీతో మాట్లాడతాను, నువ్వు నిద్రపోయేదాకా ఇక్కడే ఉండి మాట్లాడతాను."

డాక్టరుగారు నా మైకు తీగ లాగేశారు. అప్పటికే అయిపోయింది. వాడి మోకాళ్ళు మెల్లగా చాచుకున్నాయి. మొహం అంత హాయిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"ఏం చేశారో తెలుస్తోందా వకుళా?" అన్నారు డాక్టరుగారు. "మీరు వెళ్ళలేదు. ఇప్పుడతను మీరు వెళ్ళారనే బతుకుతాడు."

"చెబుతాను మేడమ్. నేనే చెబుతాను."

"ఏడో విడత లోపల చెప్పండి. నివేదిక నేను రాయక తప్పదు, కానీ అతనికి ముందు మీ నోటితో తెలియాలి."

ఫణి ఏడో విడతకు రాలేదు. "నాకు నయమైపోయిందండి, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి," అని ఫోన్ చేశాడట. నిజంగానే నయమైంది. క్యాబిన్‌లో రేడియో కట్టేశాడు. ఇంట్లో టీవీ కట్టేసి తరళకు కథలు చెప్పాడు. సింహాచలం వెళ్ళి గంటసేపు కూర్చుని వచ్చానని, దేవుడు తనవైపే చూస్తున్నట్టుందని చెప్పాడు. స్వర్ణ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇంత మంచి జరుగుతుంటే నోరెలా తెరుస్తాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డాక్టరుగారు ఫోన్ చేస్తే, వచ్చే వారం, వచ్చే వారం అన్నాను. పై కమిటీ విచారణ తేలేదాకా కిటికీని మూసేశారు. వరసలో ఉన్న మనుషులు నా మూలంగా వెనక్కి వెళ్ళారు.

ఒక ఆదివారం చేపలు కడుగుతుంటే ఫణి గుమ్మంలో కూర్చుని, "అక్కా, ఆ రోజు నువ్వు నీలం గౌను ఏసుకున్నావు కదా," అన్నాడు.

నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"చేతిలో బెల్లం ముక్క. సగం కొరికి నాకిచ్చావు. ఆవులకి పేర్లు పెట్టి నవ్వించావు. అంత చిన్నపిల్లవి, వాళ్ళని ఎదిరించి ఎలాగొచ్చావే?"

నేను వాడికి బెల్లం ఇవ్వలేదు. ఆవులకి పేర్లు పెట్టలేదు. నిలయంలో పిల్లలకి తెలుపు తప్ప ఇంకో రంగు బట్ట లేదు. నేను లోపల వదిలిన నాలుగు మాటలకీ వాడి మనసు సొంతంగా ఒళ్ళూ బట్టా కట్టుకుంది. ఆ అక్క రోజురోజుకీ పెరుగుతోంది. నాకంటే ఎంతో మంచిది. నేను తలూపి, ముక్కలకి పసుపు రాశాను.

మే మొదటి వారంలో స్వర్ణ ఫోన్ చేసింది. గొంతు తేడాగా ఉంది. "వదినా, మీ అమ్మగారు ఫోన్ చేసినారు. ఈయన మాట్లాడినారు."

పద్నాలుగేళ్ళుగా ఫణి అమ్మ గొంతు వినలేదు. నేను సాయంత్రం వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. మల్కాపురంలో రెండు గదుల ఫ్లాటు. తరళ హాల్లో కొత్త తెల్లపరికిణీ కట్టుకుని గిర్రున తిరుగుతోంది. "అత్తా, నేను నానమ్మ దగ్గరికి ఎళ్తన్నాను. ఇరవయ్యొక్క రోజులు," అంది.

ఫణి నవ్వుతూ కుర్చీ లాగాడు. "ఏసవి శిక్షణంట అక్కా. పిల్లలకి ధ్యానం, పద్యాలు. అమ్మ కూడా ముసిల్దైపోయింది, మనవరాల్ని చూడాలంటాంది. ఎల్లుండి దింపీసి వస్తాను."

"అక్కడికా? నువ్వు దీన్ని అక్కడికి పంపుతావా?"

"ఏటైంది ఇప్పుడు? నాకక్కడ అంత అన్యాయం ఏటి జరిగింది చెప్పు. తొమ్మిది రోజులు పాకలో ఉంచినారు. నువ్వొచ్చావు, మాట్లాడావు, అయిపోయింది. ఇన్నేళ్ళు దాన్ని కొండంత చేసుకుని అమ్మని దూరం పెట్టీసాను. తప్పు నాదే." వాడు తరళను దగ్గరికి లాక్కున్నాడు. "ఇదీ మొండిదే. పాలు ఒలకబోసి పిల్లి అంటాది. కాస్త మౌనం నేర్చుకుంటే మంచిదే కదా."

స్వర్ణ నావైపు చూసింది. ఆమెకు ఏదో తేడాగా ఉంది కానీ ఏమని అడ్డం చెప్పాలో తెలియడం లేదు. మొగుడు బాగుపడ్డాడు, అత్తగారితో మాట కలిసింది. బయటివాళ్ళెవరైనా మంచిదేగా అంటారు.

నాకు అప్పుడు అర్థమైంది. వాడి గాయంతోపాటు వాడికి కాపలా ఉన్నదాన్ని కూడా నేను తీసేశాను. ఆ నొప్పి ఒక్కటే ఇన్నాళ్ళూ తరళను ఆ పాకకి దూరంగా ఉంచింది. ఇప్పుడా పాక వాడికి అక్క బెల్లం తెచ్చిన చోటు.

మర్నాడు పొద్దున డాక్టర్ జహనారా దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"కిటికీ మళ్ళీ తెరిచి సరిచెయ్యొచ్చా మేడమ్?"

"కుదరదు. ఒకే జ్ఞాపకాన్ని రెండోసారి మెత్తబరిస్తే ఏది నిలుస్తుందో నేను చెప్పలేను. నిజం చెప్పండి. మీరు చెబితే లోపలి జ్ఞాపకం పోదు, అలాగే ఉంటుంది. కానీ అది అబద్ధమని తెలిసి ఉంటుంది."

"మళ్ళీ పాతలా అయిపోతాడా?"

"పాతలా కూడా అవ్వడు." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పాతలా ఉన్నప్పుడు అతని దగ్గరికి ఎవరూ రాలేదు. ఇప్పుడు వచ్చిందనుకున్న మనిషి అసలు రాలేదని తెలుస్తుంది. అది ఇంకొంచెం కష్టం. వకుళా, పిల్ల వెళ్ళేది రేపేగా?"

నేను ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. ఫణి డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. తరళ బట్టలు సంచీలో సర్ది గోడ వారన పెట్టారు. స్వర్ణతో, పిల్లని కాసేపు పక్కింటికి పంపమన్నాను. వాడు చెయ్యి కడుక్కునేదాకా ఆగాను.

"ఫణీ, మొదటి విడతలో నువ్వు చెప్పింది రికార్డు చేసి నీకిచ్చారు కదా. ఎప్పుడైనా విన్నావా?"

"ఎందుకూ, నాకు తెలిసిందేగా."

"ఇప్పుడు విను."

వాడు నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపాడు. బీరువాలోంచి ఆ చిన్న పరికరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాడి గొంతే, ఫిబ్రవరి గొంతు, గోడతో మాట్లాడుతున్నట్టు వినిపించింది. కోడిపెట్ట, దారం, పాక. ఎవరైనా మీ దగ్గరికి వచ్చారా. ఎవరూ రాలేదు. మీ అక్క? అక్క కూడా రాలేదు.

ఫణి చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు.

"ఇదేదో తప్పు చెప్పుంటాను. అప్పుడు మర్చిపోయుంటాను."

"లేదురా. నేను రాలేదు. ఐదో విడతలో యంత్రం దగ్గర కూర్చుని, వచ్చానని మైకులో చెప్పాను. చెప్పకూడదు. నువ్వు పిలుస్తుంటే ఆగలేక చెప్పాను."

"మరి నీలం గౌను?"

"మనకి రంగు బట్టలెక్కడివిరా?"

వాడు ఒక్కొక్క ముక్కా పట్టుకుని చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "బెల్లం?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "ఆవుల పేర్లు?" ఊపాను. వంటింటి గుమ్మంలో స్వర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఇంకోటి ఉంది," అన్నాను. అక్కడితో ఆపేసి ఉంటే పిల్ల ప్రయాణం ఆగేది. నేను చెడ్డదాన్ని కాకుండా, పొరపాటు చేసిన అక్కగానైనా మిగిలేదాన్ని. కానీ వాడు మొదటి విడత నుంచీ నన్ను వెనకేసుకొచ్చాడు. "ఆ రోజు ప్రార్థనలో నవ్వింది నేను. నీకు దారం కట్టినప్పుడు నాకు తెలుసు. తొమ్మిది రోజులూ తెలుసు. నువ్వు పిలిచినప్పుడల్లా విన్నాను."

ఫణి కోప్పడతాడనుకున్నాను. కొడతాడేమో, కొడితే బాగుండుననుకున్నాను. వాడు లేచి సంచీ దగ్గరికి వెళ్ళి, తెల్లపరికిణీలు ఒక్కొక్కటీ తీసి మడత చెదరకుండా స్వర్ణ చేతికిచ్చాడు.

"పిల్ల ఎక్కడికీ ఎళ్ళదు. అమ్మకి నేను ఫోన్ చేసి చెప్తాను," అన్నాడు.

"ఫణీ," అన్నాను.

"చిన్నపిల్లవి. నాకు తెలుసక్కా. పదకొండేళ్ళు." వాడి గొంతులో నా మీద కోపం లేదు. అసలు నా మీద ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఇప్పుడు కూడా కనిపిస్తాందే ఆవిడ, ఆ నీలం గౌను అక్క. గుమ్మంలో నిలబడి ఉంది. లేదని నువ్వు చెప్తున్నావు, నాకు తెలుస్తాంది, అయినా అక్కడే ఉంది."

నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"నువ్వెళ్ళక్కా," అన్నాడు మెల్లగా. "ఆవిడ కోసం ఏడవాలి నేను. నీ ముందు ఏడుపు రావట్లేదు."

చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. మూడో అంతస్తు నుంచి మెట్లు దిగుతుంటే లోపల వాడి ఏడుపు మొదలైంది. చావింట్లో ఏడ్చినట్టు పెద్దగా ఏడుస్తున్నాడు. నేనూ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, వాడికి వినపడకుండా. ముప్పై ఏళ్ళుగా నేను అవ్వాలనుకున్న మనిషి ఆవిడే.